కలంకారీ గుడ్డలో బంగారం ఎక్కడిది?

ప్రశ్న: మా డిగ్రీ విద్యార్థులు ఇక్కడి కలంకారీ గుడ్డ ముక్కలను ఒక ప్రయోగశాలకు పంపి, స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలతో పాటు మూలకాల పట్టికను కూడా తెప్పించుకున్నారు. అందులో కార్బన్, ఆక్సిజన్, ఇనుము, అల్యూమినియంతో పాటు బంగారం కూడా ఉంది. రంగులు వేసేవారిని అడిగితే నవ్వారు. యంత్రం పొరబడిందా? బల్లమీద పెట్టుకునే చిన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాయంటున్నారు. కళాశాలకు ఒకటి కొనిపించమంటారా?
– రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: యంత్రం పొరబడలేదు. బంగారం నిజంగానే ఉంది, అయితే అది ప్రయోగశాలవారు పూసినది. నూలుగుడ్డ విద్యుత్తును ప్రసరింపజేయదు కనుక, ఎలక్ట్రాన్ల ధార పడినచోట ఆవేశం పేరుకుపోయి చిత్రం చెదిరిపోతుంది. దాన్ని నివారించడానికి నమూనాపై కొన్ని నానోమీటర్ల మందాన బంగారు పూత వేయడం వాడుక. నివేదికలో ఆ మాట ఒక్క వాక్యంగానైనా రాసి ఉండవలసింది.

ఈ పూత వల్ల మరో చిక్కు కూడా ఉంది. కలంకారీకి గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచుతారు. పాలలోని కేసీన్‌లో భాస్వరం ఉంటుంది. మూలకాల పట్టికకు ఆధారం ఎలక్ట్రాన్లు తగిలినప్పుడు నమూనా వెలువరించే ఎక్స్-రేలు; వాటి వర్ణపటంలో భాస్వరం శిఖరం దాదాపు 2.01 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, బంగారం శిఖరం 2.12 వద్ద వస్తాయి కాబట్టి, కొద్దిపాటి భాస్వరం ఉన్నా బంగారం దాన్ని కప్పివేస్తుంది. అల్యూమినియం సంగతీ అనుమానమే. అది రంగు పట్టడానికి వాడే పటికనుంచి వచ్చి ఉండవచ్చు, నమూనాను అతికించే అల్యూమినియం దిమ్మెనుంచీ వచ్చి ఉండవచ్చు. కార్బన్ టేపు వాడి ఉంటే కార్బన్‌లో కొంత దానిదే. పూతలోగాని దిమ్మెలోగాని లేని ఇనుము మాత్రం నమ్మదగినది. ఇనుప ముక్కలు, బెల్లం ఊరవేసిన నీరు కరక్కాయలోని టానిన్లతో కలిసినప్పుడే ఆ నలుపు పుడుతుంది కదా. అయినా పట్టికలోని శాతాలను దశాంశాల వరకు నమ్మవద్దు. ఆ లెక్క నున్నని, చదునైన ఉపరితలానికి కట్టింది, గుడ్డ పోగులు గుండ్రంగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి.

ఈసారి పూత లేకుండా, తక్కువ శూన్యస్థితిలో పరీక్షించమని అడగండి. పరికరంలో నమూనా ఉంచే అరలో మిగిల్చిన కొద్దిపాటి వాయువు అయనీకరణం చెంది నమూనాపై పేరుకున్న ఆవేశాన్ని తటస్థపరుస్తుంది. బల్లమీద పెట్టే కొత్త మైక్రోస్కోపులు చాలావాటిలో ఈ సదుపాయం ఉంది. రంగు వేయని గుడ్డను, కరక్కాయ పాలలో ముంచి ఆరవేసిన గుడ్డను కూడా పంపితేనే పోల్చి చూడడానికి వీలవుతుంది. మీ విద్యార్థులు వదిలేసినది ఇదేనని అనుకుంటున్నాను.

మంజిష్ఠ ఎరుపు జాడ మాత్రం ఈ పద్ధతికి దొరకదు. ఆ రంగు పదార్థాలు కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో కూడినవి; నూలులోని సెల్యులోజూ అంతే, పైగా హైడ్రోజన్‌ను ఈ పరికరం అసలు గుర్తించలేదు. దానికి రంగును ద్రావణిలోకి దించి, ద్రవ క్రొమటోగ్రఫీలో విడదీసి చూడాలి.

ఇక కొనుగోలు విషయం. కళాశాలకు ముందు కెమెరా బిగించిన మంచి కాంతి మైక్రోస్కోపు కొనిపించండి. అది దాదాపు 200 నానోమీటర్లకన్నా సూక్ష్మమైన వివరాన్ని విడదీయలేదన్నది నిజమే. కానీ నూలుపోగులోని ఒక్కో పీచు మందమే పది, ఇరవై మైక్రోమీటర్లు, అంటే ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైన. రంగు పోగు లోపలికి ఇంకిందా, పైపైన నిలిచిందా అన్నది పోగును అడ్డంగా కోసి చూస్తే రంగుల్లోనే తెలుస్తుంది. ఎలక్ట్రాన్ చిత్రం నలుపుతెలుపుల్లోనే వస్తుంది, అందులో కనబడే రంగులు తర్వాత అద్దినవే. ఏడాదికి పది నమూనాలు చూసేందుకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును, దాని వాక్యూమ్ పంపులను, నిర్వహణ ఒప్పందాన్ని మోయడం నాకు సబబనిపించదు. దేశంలోని పరిశోధన సంస్థల పరికరాలను బయటివారు రుసుము చెల్లించి వాడుకునేందుకు ఐ-స్టెమ్ అనే జాతీయ పోర్టల్ ఉంది. మీకు దగ్గరలోనే ఏర్పేడు వద్ద ఐఐటీ, ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ), తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఏ పరికరం బయటివారికి అందుబాటులో ఉందో విచారించి, నమూనాతో విద్యార్థులనే వెంటబెట్టుకుని వెళ్ళండి. పూత వేసేటప్పుడు పక్కన నిలబడి ఉంటే ఈ ప్రశ్న వాళ్ళకు వచ్చేదే కాదు.