చెరువు ట్యాంకు కాదు, తాంకే అసలే కాదు

అనంతపురం

అమ్మా,

మన జిల్లా పిల్లలు స్పెయిన్‌కు రాసే ఉత్తరాలకు ఇంగ్లీషు నుంచి నువ్వు చేసి పంపిన స్పానిష్ అనువాదం చదివినాను. వ్యాకరణం బాగా పట్టుకున్నావు, దాని గురించి చెప్పేదేమీ లేదు. నా పేచీ అంతా చెరువు దగ్గరే. ఊరి చెరువు నిండిందని పిల్లోడు సంబరంగా రాసినాడు. ఇంగ్లీషు చేసినవాళ్లు 'ట్యాంక్' అన్నారు. నువ్వు దాన్ని 'తాంకే' చేసినావు. బార్సిలోనాలో ఆ ఉత్తరం విప్పిన ఆమెకు మిద్దె మీది నీళ్ల ట్యాంకు కనబడుతుంది. అది నిండితే ఊరంతా పండగెందుకో ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ఇంగ్లీషు చేసినవాళ్ల తప్పు కాదులే. చెరువును ట్యాంక్ అనడం మన దేశపు ఇంగ్లీషుకు పాత అలవాటు. కడపలో కలెక్టరాఫీసు ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన తెలుగు నిఘంటువులో కూడా చెరువుకు ఆ మాటే ఉంటుంది. స్పెయిన్ వాళ్లకు ఆ వాడుక లేదు. బుక్కరాయసముద్రం చెరువులాంటిదైతే 'ఎంబాల్సే' అను, కట్ట వేసి నిలిపిన నీళ్లని అర్థమవుతుంది. 'ఎస్తాంకే' కూడా ఉంది గానీ, మాడ్రిడ్ రెతీరో పార్కులో పడవలు తిప్పే కొలనును అట్లా అంటారు. మన చెరువుకు అది నప్పదు.

నాలుగు అర్థాల ఇంగ్లీషు మాట ఎదురైతే నిఘంటువు తరువాత తియ్యి. ముందు ఆ వాక్యాన్ని తెలుగులో పైకి అనుకో. 'టైమ్' వచ్చిందనుకో: సారి అయితే 'వేస్', ఎన్ని గంటలు అనైతే 'ఓరా', తీరిక, సమయం అయితే 'తియెంపో'. మనం టైము అనే మాటనే వాడి వాడి ఈ తేడా మరిచిపోయినాం, అది వేరే ఏడుపు. 'ఫీల్డ్' అయితే అంత కష్టపడనక్కర లేదు. చేను, ఆటస్థలం, చదువులో ఒక రంగం, మూడింటికీ స్పానిష్‌లో 'కాంపో' సరిపోతుంది.

భయపడాల్సింది 'బ్యాంక్' లాంటి వాటికి. ఏటి ఒడ్డును కూడా ఇంగ్లీషులో బ్యాంకే అంటారు కదా. తాడిపత్రి దగ్గర పెన్నా ఒడ్డున పిల్లలు కూర్చున్నారని ఉంది. 'బాంకో' అని రాసినావంటే స్పానిష్ వాక్యం నున్నగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే బాంకో అంటే బెంచీ కూడా! పిల్లలు బెంచీ మీద కూర్చుంటారు, ఏరు మాయమవుతుంది. అర్థం లేని తప్పును ఎవరైనా పట్టుకుంటారు. ఇట్లా అర్థమున్న తప్పును నువ్వు తప్ప ఎవరూ పట్టుకోలేరు. ఒడ్డుకు 'ఒరీయా' అను.

తెలుగును కూడా గుడ్డిగా నమ్మొద్దు. టీచర్‌ను నోటుబుక్కు అడిగినా, లెక్క ఎట్లా చెయ్యాలని అడిగినా మనకు ఒకటే అడగడం, ఇంగ్లీషుకూ అంతే. స్పానిష్ ఒప్పుకోదు. ఇవ్వమనో, చెయ్యమనో అడిగితే 'పెదిర్', చెప్పమని అడిగితే 'ప్రెగుంతార్'. తెలుసు అనే అర్థమున్న ఇంగ్లీషు 'నో' (know) ఇంకా తిరకాసు. ఈత వచ్చు, ఆ సంగతి తెలుసు, ఈ రెంటికీ 'సబేర్'. ఆయన తెలుసు అంటే మాత్రం 'కొనొసేర్'. మనం వచ్చు, తెలుసు అని ఒకచోట విడదీస్తే వాళ్లు ఇంకోచోట విడదీసినారు.

మాట ఎంచుకున్నాక స్పానిష్ నుంచి స్పానిష్‌కే ఉన్న నిఘంటువులో దాన్ని మళ్లీ చూడు. 1713లో పుట్టిన స్పానిష్ భాష రాయల్ అకాడమీ వాళ్లది ఇప్పుడు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండు భాషల నిఘంటువు వరసగా మాటలిచ్చి ఊరుకుంటుంది, ఏది ఎక్కడ వాడాలో చెప్పదు. ఎవరు చదువుతారో కూడా చూసుకో. శెనక్కాయలకు స్పెయిన్‌లో 'కకవేతే' అంటారు, అర్జెంటీనాలో 'మనీ' అంటారు. మన ఉత్తరాలు పోయేది స్పెయిన్‌కు.

బార్సిలోనాలో పుట్టిన ఫాదర్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి పేదల కోసం సంస్థ పెట్టినారు కాబట్టే కదా, ఈ జిల్లా పిల్లల ఉత్తరాలు అంత దూరం పోతున్నాయి. అందుకే అడుగుతున్నా: వచ్చే ఉత్తరాల కట్టతో పాటు పిల్లలు తెలుగులో రాసిన కాగితాలు కూడా పంపు. ఇంగ్లీషు ఒక్కటే చూసి దిద్దడం నా వల్ల కాదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు