మెట్లు దిగేటప్పుడు మోకాలి నొప్పి: టేపు ఎందుకు ఊడుతోందంటే

అన్నా, అలిపిరి మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప కింద పొడుస్తోందని, కాలు చాపి కైనీసియాలజీ టేపు (చర్మానికి అంటించే సాగే బట్ట టేపు) మొత్తం లాగి అంటిస్తే గంటకే ఊడిందని రాశారు. తప్పు ఆ రెండింటిలోనే ఉంది. చాచిన కాలికి అంటిస్తే, మోకాలు వంగిన ప్రతి మెట్టుకూ టేపు లేస్తుంది.

5 సెంటీమీటర్ల వెడల్పు టేపులో 20 సెంటీమీటర్ల ముక్క తీసుకుని మూలలు గుండ్రంగా కత్తిరించండి. చర్మం సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె జిడ్డు కాస్త ఉన్నా జిగురు పట్టదు. కుర్చీలో కూర్చుని మోకాలు 90 డిగ్రీలు వంచండి. వెనక కాగితం నడిమికి చించి, మధ్యభాగాన్ని మాత్రం సాగేదాంట్లో సగం వరకు లాగి, చిప్పకు సరిగ్గా కింద, వేలితో నొక్కితే నొప్పెట్టే టెండన్ (చిప్పను కింది కాలి ఎముకకు కలిపే గట్టి పట్టీ) మీద అడ్డంగా అంటించండి. రెండు కొసలూ, చెరి రెండంగుళాలు, అసలు లాగకుండా చిప్పకు అటూ ఇటూ పైకి వాల్చండి. కొస లాగితే అక్కడే చర్మం పొక్కుతుంది. అరచేత్తో బాగా రుద్దండి, ఆ వేడికే జిగురు పడుతుంది. చెమట పట్టకముందే, నడకకు గంట ముందు వేయాలి. 3 రోజులు ఉంచొచ్చు. దురదొస్తే నూనె రాసి తీసేయండి.

టేపు నొప్పిని కాసేపు తగ్గిస్తుందంతే, టెండన్‌కు బలం ఇవ్వదు. దానికి గోడకు వీపానించి కుర్చీలా కూర్చోండి: 45 సెకన్లు, 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. కొన్నాళ్లు నడిచి ఎక్కినా, బస్సులోనే దిగండి. వాపొచ్చినా, మోకాలు పట్టేసినా ఎముకల డాక్టరుకు చూపించండి.