గుండె ఆగి బతికాక మతిమరుపు: డిమెన్షియానేనా?

రెండు నెలల కిందట గుండె ఆగి, సీపీఆర్‌తో (ఛాతీ నొక్కి చేసే అత్యవసర చికిత్స) బతికిన మీ నాన్నగారు పొద్దున తిన్న టిఫిన్ కూడా మర్చిపోతున్నారు, ఇది డిమెన్షియానా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బా అని అడిగారు కదండీ. అప్పుడే ఆ ముద్ర వేయకండి. గుండె ఆగితే మెదడుకు ఆక్సిజన్ అందదు. మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగమైన హిప్పోక్యాంపస్ ఆ దెబ్బకు త్వరగా దెబ్బతింటుంది. అందుకే పెళ్లినాటి ముచ్చట్లు గుర్తుంటాయి, పొద్దుటి ఇడ్లీ గుర్తుండదు. డిమెన్షియా సాధారణంగా మెల్లగా ముదురుతుంది. గుండె ఆగాక వచ్చే ఈ మతిమరుపు ఒక్కసారిగా వచ్చి, చాలామందిలో మొదటి 3 నెలల్లో ఎంతో కొంత మెరుగవుతుంది.

మా మామయ్యకూ ఇంతే. డిశ్చార్జ్ రోజు ఆస్పత్రిలో స్టెంట్ గురించే చెప్పారు, మెదడు ఊసే లేదు. మలక్‌పేట ఇంట్లో వంటింటి గోడకు పలక తగిలించాం, మాత్ర వేసుకోగానే టిక్కు పెట్టాలని. మొదట్లో టిక్కు పెట్టి మాత్ర మర్చిపోయేవారనుకోండి!

హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి లాంటి చోట న్యూరాలజీ (మెదడు, నరాల విభాగం) ఓపీలో చూపించండి, జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులోనే చేయమనండి. బీ12, థైరాయిడ్, నిద్ర, దిగులు కూడా చూడాలి. నాన్నగారికి ఉర్దూ బాగా వచ్చన్నారు, ఆ కబుర్లు మాననివ్వకండి. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులపై చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవారికి జబ్బు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. గుండె ఆగినవాళ్ల సంగతి వేరే, అయినా నష్టమేం లేదు.

బండి తాళాలు మాత్రం డాక్టర్ సరే అనేదాకా దాచేయండి.