వీడియో ఎప్పుడూ ఇన్‌స్టాల్ చేయమనదు

ప్రశ్న: మా ఇంట్లో పిల్లలకీ నాకూ ‘ది మప్పెట్ మూవీ’ అనే బొమ్మల సినిమా అంటే ప్రాణం. ఏళ్ల తరబడి ఎవరికీ కనబడని దాని పాత ట్రైలర్ ఇప్పుడు బయటపడిందంటూ టెలిగ్రామ్ గ్రూపులో ఒక జిప్ ఫైలు పెట్టారు. పాస్‌వర్డ్ కూడా పక్కనే ఇచ్చారు. లోపలి ఫైలు మీద క్లిక్ చేస్తే నల్ల విండో ఒకటి అలా వచ్చి ఇలా పోయింది. వీడియో మాత్రం రాలేదు. యాంటీవైరస్ ఏమీ అనలేదు. వేరే ప్లేయర్ వేసుకోవాలా?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

ప్లేయర్ సంగతి తర్వాత. ముందు ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. మీరు తెరిచింది దాదాపు ఖాయంగా వీడియో కాదు, ప్రోగ్రామ్. వీడియో అయితే ఆడుతుంది, లేదంటే ఆడలేనని చెబుతుంది. నల్ల విండో చూపించి మాయమవదు.

ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తెగ వస్తున్నాయి. సినిమా పేరు మారుతుంది, కథ మాత్రం ఒకటే. అరుదైన వీడియో, పాస్‌వర్డ్ ఉన్న జిప్, క్లిక్ చేస్తే ఏమీ జరగనట్టు ఉండటం. పాస్‌వర్డ్ పెట్టేది మీ భద్రత కోసం కాదు. తాళం వేసిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్‌కి కనబడకూడదని పెడతారు. మరికొందరు ఫైలులో అనవసరమైన సున్నాలు కుక్కి వందల ఎంబీలకు పెంచుతారు. అంత పెద్ద ఫైళ్లను చాలా స్కానర్లు వదిలేస్తాయి. చూసేవాళ్లకేమో ‘సైజు బాగానే ఉంది, హెచ్‌డీ అయ్యుంటుంది’ అనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది దీని తర్వాత జరిగేది. ఈ రకం ప్రోగ్రాములు ఎక్కువగా బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ కుకీలనూ (మీరు లాగిన్ అయ్యారని సైటు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) ఎత్తుకుపోతాయి. కుకీ చేతికి చిక్కితే మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్న ఖాతాలోకి వాళ్లు నేరుగా వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ రాదు. ‘నాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది కదండీ’ అని రాసేవాళ్లందరూ ఈ మాట రెండుసార్లు చదవండి. మీరు వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ నొక్కండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. ఈ పనులేవీ ఆ కంప్యూటర్‌లో చేయొద్దు. దాన్ని పూర్తిగా ఫార్మాట్ చేసి, సిస్టమ్ మళ్లీ ఎక్కించాకే వాడండి. ఇండియాలో ఉన్న పాఠకులకు ఇదే జరిగి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫోన్‌లో ఇదే మోసం ఏపీకే ఫైలుగా, అంటే ఆండ్రాయిడ్ యాప్‌గా వచ్చి, ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. వీడియో చూడ్డానికి ఆ అనుమతి ఎందుకో ఒక్క క్షణం ఆలోచించండి.

తప్పంతా వాడేవాళ్ల మీదకి నెట్టను. ఫైలు పేరులో చివరి భాగాన్ని దాచేసి చూపించే అలవాటు కంప్యూటర్లకు ఇంకా పోలేదు. ‘.ఎంపీ4.ఈఎక్స్ఈ’ అని ఉన్నది, అంటే నిజానికి ప్రోగ్రామ్, తెర మీద వీడియోలా ‘.ఎంపీ4’గా కనబడుతుంది. ఐకాన్ కూడా వీడియోదే పెట్టుకోవచ్చు. దశాబ్దాలుగా ఇదే దారిలో జనం మోసపోతున్నా ఆ సెట్టింగ్‌ను మార్చకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ఫోల్డర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనబడేలా ఇవాళే పెట్టుకోండి.

ఈ ఎర ఎందుకు పనిచేస్తుందంటే, అందులో నమ్మదగిన మాట ఒకటి ఉంది. పాత ట్రైలర్లు చాలా నిజంగానే పోయాయి. మప్పెట్లను సృష్టించిన జిమ్ హెన్సన్ బొమ్మలతో దర్శకుడు జేమ్స్ ఫ్రాలీ తీసిన ‘ది మప్పెట్ మూవీ’ వచ్చింది 1979లో. అప్పట్లో ట్రైలర్ అంటే థియేటర్‌కి వచ్చే చిన్న ఫిల్మ్ రీలు. సినిమా విడుదలయ్యాక దాన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ. మిగిలిన వాటిలోనూ అప్పటి కలర్ ప్రింట్లు చాలావరకు వెలిసిపోయి ఎర్రబారాయి. కప్ప కెర్మిట్ ఆకుపచ్చ రంగే మిగలని ప్రింట్లు అవి. అందుకే ‘దొరికింది’ అనగానే అభిమాని చెయ్యి ఆగదు.

ప్రశ్న: గరాజ్ సేల్‌లో పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు కొన్నాను. ఒకదాంట్లో అసలు సినిమాకి ముందు మప్పెట్స్ సినిమా ట్రైలర్ ఉంది. నెట్‌లో ఎక్కడా లేదు. దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏఐతో 4కే చేసి పెడదామనుకుంటున్నాను. ఏ యాప్ మంచిది?
– హ్యూస్టన్ నుంచి ఒక పాఠకురాలు

యాప్ కంటే ముందు క్యాసెట్ చూడండి. టేపు మీద తెల్లటి బూజు ఉంటే వీసీఆర్‌లో పెట్టొద్దు. టేపూ పాడవుతుంది, హెడ్డూ పాడవుతుంది. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది, పాడైతే బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం.

క్యాప్చర్ చేసేటప్పుడు చాలామంది పోగొట్టుకునేది కదలిక. అమెరికా టేపులో సెకనుకు దాదాపు 60 ఫీల్డులు (ఒక్కో ఫ్రేములో సగం గీతలుండే సగం బొమ్మలు) ఉంటాయి. చవక యూఎస్‌బీ పరికరాలతో వచ్చే సాఫ్ట్‌వేర్ తరచూ అందులో సగం పారేస్తుంది. ఫిల్మ్ మీద తీసిన ట్రైలర్‌లో నష్టం కొంత తక్కువే గానీ, వీడియో మీద తీసిన బొమ్మల షోలలో నోటి కదలిక మాటకి అతకనట్టు కనబడుతుంది. బొమ్మలాటలో ప్రాణమంతా ఆ నోటి కదలికలోనే ఉంది. కాబట్టి 720 బై 480లో, ఇంటర్‌లేస్డ్‌గా (ఆ ఫీల్డులన్నీ ఉంచుకుని), కంప్రెషన్ లేకుండా గానీ లాస్‌లెస్‌గా (కుదించినా వివరం పోకుండా) గానీ తీసుకోండి. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది క్యాసెట్ మీద ఉన్న కాపీ ప్రొటెక్షన్ వల్ల కావచ్చు, టేపు పాడైందని కంగారుపడొద్దు. (ఇండియాలో పెళ్లి క్యాసెట్లు ఎక్కించుకునేవాళ్లకు లెక్క వేరు: అక్కడి ‘పాల్’ (PAL) టీవీ పద్ధతి, 720 బై 576, సెకనుకు 50 ఫీల్డులు.)

ఏఐ 4కే మాత్రం వద్దు. హెన్సన్ 1955లో మొదటి కెర్మిట్‌ని వాళ్లమ్మ పాత కోటు గుడ్డతో చేశాడు, కళ్లకి పింగ్‌పాంగ్ బంతి ముక్కలు పెట్టాడు. గుడ్డ గుడ్డలా కనబడటమే ఆ బొమ్మల అందం. ఈ అప్‌స్కేలింగ్ ప్రోగ్రాములు దాని నూగుని మచ్చ అనుకుని చెరిపేస్తాయి, మొహం ప్లాస్టిక్ అవుతుంది. చేతుల్ని కదిలించే సన్నటి కడ్డీలు ఒక ఫ్రేములో ఉంటాయి, పక్క ఫ్రేములో మాయమవుతాయి. అక్కడ కనిపించే వివరం టేపులో లేదు, ప్రోగ్రామ్ కల్పించింది. మరో మప్పెట్ సినిమా ‘ది మప్పెట్ క్రిస్మస్ కెరోల్’లో ఒక పాట నెగటివ్ (అసలు ఫిల్మ్) పోయిందని చాలా ఏళ్లు అందరూ బాధపడ్డారు. 2020లో అది దొరికిందన్నారు, 2022లో ఆ పాటతో సినిమా మళ్లీ వచ్చింది. అసలు ఫిల్మ్ ఉంది కాబట్టే అది పునరుద్ధరణ అయింది.

అసలు క్యాప్చర్ ఫైలుని ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి. క్లౌడ్‌లో పెడితే ‘స్టోరేజ్ సేవర్’ లాంటిది ఆపేయండి, అది వీడియోని మళ్లీ కుదిస్తుంది. క్యాసెట్ లేబుల్, పెట్టె మీది సంవత్సరం, ట్రైలర్‌కి ముందూ వెనకా ఏమున్నాయో అన్నీ ఫొటో తీసి దానితోపాటే ఉంచండి. అట్లాంటాలోని సెంటర్ ఫర్ పప్పెట్రీ ఆర్ట్స్‌లో హెన్సన్ బొమ్మల పెద్ద సేకరణ ఉంది. మీ దగ్గర ఏముందో వాళ్లకి ఒక మెయిల్ రాయండి. క్యాసెట్‌ని మాత్రం పారేయకండి.