రెండు బొమ్మల పుస్తకాలు పక్కపక్కన పెట్టేటప్పుడు

దేవరకొండ

బిడ్డా,

మొన్న మాట్లాడుతుండగానే సిగ్నల్ పోయింది. ఫోన్లో తెగే విషయం కాదని ఉత్తరం రాస్తున్నాను. మూడో తరగతి పిల్లల ముందు రెండు బొమ్మల పుస్తకాలు పెట్టి పోలికలు, తేడాలు చెప్పమంటే ‘గిది పెద్దగుంది, గది చిన్నగుంది’, ‘గిండ్ల పిట్ట ఉంది, గండ్ల లేదు’ అని ఆగిపోతున్నారన్నావు. వాళ్లలో లోపమేమీ లేదమ్మా. తేడాలు చెప్పమంటే ఎవరైనా కంటికి ముందు ఆనిందే చెప్తారు. ఏం తేల్చుకోవడానికి పోలుస్తున్నామో పిల్లలకు తెలిస్తే వాళ్ల చూపే మారుతుంది. కాబట్టి ముందు నీ చేతిలో ఒక ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్న పుట్టేది పుస్తకాల జతలోంచి.

జత ఎంచేటప్పుడు అల్మరాలో చేతికందిన రెండూ తీయకు. కథ చాలా దూరం ఒకటిగా నడిచి, ఒక ముఖ్యమైన చోట విడిపోయే పుస్తకాలు వెతుకు. కోతి, మొసలి కథనే చూడు. పంచతంత్రం పట్టుకుని బొమ్మలు వేసిన పుస్తకాలున్నాయి, బుద్ధుడి పూర్వజన్మలు చెప్పే జాతక కథ పట్టుకుని వేసినవీ ఉన్నాయి. రెండింట్లోనూ మొసలి భార్యకు కోతి గుండె కావాలి. రెండింట్లోనూ మొసలి కోతిని వీపు మీద ఎక్కించుకుని నీళ్ల నడుమకు తీసుకుపోతుంది. గుండె చెట్టు మీదే ఉందని చెప్పి కోతి బతికి బయటపడుతుంది. ఇక్కడిదాకా కథ ఒకటే. కానీ పంచతంత్రంలో వాళ్లిద్దరూ దోస్తులు. సముద్రం ఒడ్డున నేరేడు చెట్టు మీద కోతి, కింద మొసలి, రోజూ పళ్లు, కబుర్లు. జాతక కథలో, అంటే సుంసుమార జాతకంలో, ఆ దోస్తీయే లేదు. గంగ అవతలి ఒడ్డున మామిడిపళ్లు విరగకాశాయని ఆశపెట్టి మొసలి కోతిని తీసుకుపోతుంది.

ఈ జత దొరికితే ప్రశ్న దానంతట అదే వస్తుంది: మొసలి తప్పు రెండింట్లో ఒకటేనా? అడిగి ఊరుకో. వెంటనే నువ్వు జవాబు అందించకు. ‘దోస్తును మోసం జేసింది, గదే పెద్ద తప్పు’ అని ఒకరంటారు. ‘ఇండ్ల దోస్తే గాదు గదా, మరి కోతి ఎందుకు నమ్మింది?’ అని ఇంకొకరు లేస్తారు. ఆ రెండో మాట వచ్చిన రోజు నీ పాఠం దారిలో పడ్డట్టే. ఒక కథలో కోతి వీపు ఎక్కింది పళ్ల కోసం. ఇంకో కథలో ఎక్కింది స్నేహితుడు తన ఇంటికి రమ్మని పిలిచాడని. నీళ్ల నడుమ నిజం తెలిసినప్పుడు ఏ కోతి మనసు ఎక్కువ కష్టపడి ఉంటుందో పిల్లలు చెప్తారు చూడు. పెద్దవాళ్లకు తట్టని మాటలు వస్తాయి. కృష్ణ ఒడ్డు ఊళ్లలో చుట్టాలున్న పిల్లలుంటే మొసలి గురించి మనకే నాలుగు సంగతులు చెప్తారు. కాసేపు చెప్పనివ్వు, తర్వాత మెల్లగా పుస్తకం దగ్గరికి తీసుకురా.

ఇక బోర్డు మీద ఏం గీయాలన్నది. ట్రైనింగుల్లో రెండు వలయాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేటట్టు గీయమంటారు, హైస్కూల్లో సమితుల పాఠంలో వచ్చే వెన్ చిత్రమే అది. రెండింట్లోనూ ఉన్నది నడుమ, విడివిడివి పక్కల. చూడ్డానికి బాగుంటుంది. చిన్నపిల్లలకు నేను దాన్ని మొదట ఇవ్వను. ఎడమ వలయంలో ‘చెట్టు నేరేడుది’ అని, కుడి వలయంలో ‘మొసలి అబద్ధం చెప్పింది’ అని రాస్తారు. ఈ రెండింటికీ పొంతన లేదు, అయినా రెండూ తేడాల లెక్కలోకే పోతాయి. ఒకే సంగతి గురించి రెండు పుస్తకాలూ ఏం చెప్తున్నాయో చూస్తేనే అది పోల్చడం. తరాజులో ఒకవైపు బియ్యం, ఒకవైపు గుడ్డ వేసి ఏది బాగుందంటే ఏం చెప్తాం?

అందుకని మూడు గళ్ల పట్టిక గీయి. ఎడమన ఒక పుస్తకం, కుడిన ఒక పుస్తకం, నడుమ గడిలో ‘ఏ సంగతి’. నడుమ గడి ముందు నిండాలి. ‘కోతి ఎందుకు వీపు ఎక్కింది’, ‘ముందు ఇద్దరికీ పరిచయం ఉందా’, ‘చివరికి కోతి మొసలిని ఏమంది’. మొదటి రెండు వరసలు నువ్వు పెట్టు, మూడోది పిల్లలనే అడుగు. కొన్నాళ్లకు నడుమ గడిలో ఏం రాయాలన్న దాని మీదే వాళ్లు కొట్లాడుకుంటారు. నా దృష్టిలో అసలు చదువు అక్కడే ఉంది. ఇది అలవాటయ్యాక వలయాలు గీయించినా నష్టం లేదు.

ఏ జవాబు చెప్పినా ‘ఏ పేజీలో ఉంది, చూపించు’ అను. గద్దించినట్టు ఉండొద్దు, నిజంగా చూడాలన్న ఆశ నీ గొంతులో వినిపించాలి. పిల్ల లేచి వచ్చి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించాలి. ఆ వేలు చాలాసార్లు అక్షరాల మీద ఆగదు, బొమ్మ మీద ఆగుతుంది. బొమ్మల పుస్తకంలో సగం కథ బొమ్మలోనే ఉంటుంది, కాబట్టి దాన్నీ పోల్చాలి. నా దగ్గరున్న జతలో నీళ్ల నడుమ ఘట్టం ఒకదాంట్లో పైనుంచి చూసినట్టు గీశారు. పేజీ అంతా నీళ్లు, మూలన గోరంత కోతి. ఇంకోదాంట్లో నీళ్లే కనిపించవు. కోతి మొహం, దాని పక్కన మొసలి కన్ను, అంతే. ఏ బొమ్మలో కోతికి ఎక్కువ భయమవుతోందని అడిగితే ఒక పిల్ల చాలాసేపు చూసి, ‘గీ బొమ్మల ఒడ్డే కనబడ్తలేదు మేడం, యాడికి దుంకుతది?’ అంది. కోతి ఎంత పెద్దగా గీశారు, ఎటువైపు చూస్తోంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు, రంగులు ఎక్కడ మారాయి, ఇవి అడిగితే చదవడం ఇంకా కుదరని పిల్లలు కూడా ముందుకొస్తారు.

రెండు పుస్తకాలూ ఒకే రోజు చదవకు. సోమవారం ఒకటి, మంగళవారం రెండోది. రెండో పుస్తకం చదువుతుంటే ‘మేడం, నిన్నటి దాంట్ల గిట్ల లేదు’ అని నడుమ అరిచేవాళ్లుంటారు. ఆపకు, తలూపి చదువుతూ పో. బుధవారం రెండూ ముందేసుకుని కూర్చోండి. ఒక్కొక్క ప్రతే ఉంటే అర్ధచంద్రంగా కూర్చోబెట్టి బొమ్మ అందరికీ చూపించు, వెనక కూర్చున్నవాళ్ల దాకా నడిచిపో.

మీ తండా పిల్లలు ముందు లంబాడీలోనే మాట్లాడుకోనివ్వు. పోల్చి చెప్పడానికి బుర్రలో రెండు సంగతులు ఒకేసారి పట్టుకోవాలి, దాని మీద కొత్త మాటల బరువు కూడా వేస్తే నోరే తెరవరు. ఇద్దరిద్దరుగా వాళ్ల మాటలో చర్చించుకున్నాక తెలుగులో చెప్పమను. అప్పుడు ఆసరాకు రెండు వాక్యాలు బోర్డు మీద ఉంచు: ‘రెండు పుస్తకాల్లోనూ...’, ‘మొదటి దాంట్లో... రెండో దాంట్లో మాత్రం...’. రాయడం ఆఖరున, అదీ రెండు మూడు వాక్యాలు చాలు.

ఒక్క జాగ్రత్త. కథలో ఇంటినీ మీ ఇంటినీ పోల్చి చెప్పమని పిల్లలను నిలబెట్టి అడగొద్దు. మన పాలమూరు, దేవరకొండ వైపు అమ్మానాయినలు పనికి వలసపోతే తాత దగ్గరో హాస్టల్లోనో ఉండే పిల్లలున్నారు. అమ్మ రోజూ పక్కన కూర్చుని కథ చెప్పే బొమ్మ చూపించి ‘మీ ఇంట్లో ఎట్లా?’ అంటే ఆ పిల్లకు ఏడుపొస్తుంది. తనంతట తాను చెప్తే మాత్రం చేతిలో పని వదిలి విను.

పుస్తకాలకు పెద్ద ఖర్చేం కాదు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దించుకోవచ్చు. కథకు కథ జత కుదరకపోతే చీమల మీద ఒక కథ, చీమలు నిజంగా ఎట్లా బతుకుతాయో చెప్పే పుస్తకం ఒకటి తీసుకో. ‘ఇందులో ఏది నిజంగా జరుగుతుంది, ఏది జరగదు?’ అన్నదే అక్కడ ప్రశ్న. నాలుగు, ఐదు తరగతులకు ఇది బాగా పనికొస్తుంది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు కోతి, మొసలి జత తీసుకుపో. డిండి మీదుగా వచ్చేటట్టయితే ముందురోజు ఫోన్ చెయ్యి, మిగతా పుస్తకాలు కూడా జతలుగా కట్టి పెడతాను. వచ్చేటప్పుడు పిల్లలు నింపిన పట్టిక ఒకటి పట్టుకురా, నడుమ గడిలో ఏం రాశారో నాకు చూడాలని ఉంది.

మీ పెద్దమ్మ