పసిపిల్లతో రాజకీయాల్లో పాలుపంచుకోవడం కుదురుతుందా?

పాప పుట్టాక మీటింగులు, ధర్నాలు మానేశానని, మళ్లీ ఎలా మొదలుపెట్టాలని మీరు అడిగారు. సాయంత్రం ఏడింటి మీటింగే రాజకీయం అనుకుంటే మాత్రం కష్టమే. సరిగ్గా అప్పుడే పిల్లకు అన్నం తినిపించాలి!

నన్నడిగితే అంగన్‌వాడీ నుంచి మొదలుపెట్టండి. గుడ్లు, పాలు సరిగ్గా అందుతున్నాయో లేదో అందరికంటే ముందు తెలిసేది తల్లులకే. సరుకు ఎంత వచ్చింది, ఎంతమందికి ఇచ్చారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాయడానికి పాప పడుకునే అరగంట చాలు. మామూలుగా 30 రోజుల్లోపు జవాబివ్వాలి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే టెన్షన్ తగ్గుతుంది, అర్జీకి బరువూ పెరుగుతుంది.

ఇంకొన్నేళ్లకు పాప ప్రభుత్వ బడిలో చేరితే యాజమాన్య కమిటీ ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం 75 శాతం మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. చాలాచోట్ల అది సంతకాల కమిటీగా మిగిలిపోతోంది. లెక్కలు అడిగేవాళ్లు ఒక్కరున్నా తేడా కనిపిస్తుంది.

గ్రామసభకు పిల్లను ఎత్తుకుని వెళ్లడానికి మొహమాటం ఎందుకు? 2022 డిసెంబరులో మహారాష్ట్ర ఎమ్మెల్యే సరోజ్ అహిరే పసిబిడ్డతోనే నాగ్‌పూర్ అసెంబ్లీ సమావేశాలకు వెళ్లారు.

మీవారిని నెలకు రెండు సాయంత్రాలు పాపను చూసుకోమనండి. అయితే దాన్ని 'సాయం' అని మాత్రం పిలవకండి.