స్వాల్‌బార్డ్ టూర్‌కి సింగిల్ ఎంట్రీ వీసా చాలదు

అన్నా, జులైలో గుంటూరు నుంచి అమ్మానాన్నలను స్వాల్‌బార్డ్ దీవుల వన్యప్రాణుల టూర్‌కి తీసుకెళ్లడానికి సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఆ దీవులు నార్వేవే అయినా షెంగెన్ పరిధిలో లేవు. నార్వే రాజధాని ఓస్లోలో విమానం ఎక్కి ఆ దీవుల్లోని లాంగియర్‌బ్యెన్ పట్టణానికి వెళ్తే షెంగెన్ దాటినట్టే లెక్క. తిరిగి ఓస్లోలో దిగితే అది రెండో ఎంట్రీ. అందుకే అప్లికేషన్‌లోనే డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ అడగండి. టూర్ బుకింగ్, రానుపోను టికెట్లు జతచేయండి. ఈ ఒక్క పని ముందు చూసుకోండి, మిగతావి తర్వాత.

ధ్రువపు ఎలుగుబంటిని దగ్గర నుంచి చూపిస్తామన్న ఏజెంట్ మాట మాత్రం నమ్మొద్దు. 2025 జనవరి నుంచి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి నుంచి జూన్ దాకా అయితే 500. నాకైతే ఇది చాలా మంచి నియమం, ఆ జంతువుకు ప్రశాంతత కావాలి. మంచి బైనాక్యులర్స్ కొనండి. వాల్రస్‌లు, రెయిన్‌డీర్లు కూడా ఉంటాయి.

జులైలో అక్కడ సూర్యుడు అస్తమించడు, నిద్రకు కళ్లగంతలు పెట్టుకోండి. పగలు కూడా సాధారణంగా పది డిగ్రీల లోపే, స్వెటర్ ఒక్కటే చాలదు. గాలీ వానా ఆపే జాకెట్ తప్పనిసరి. ఓడ నుంచి ఒడ్డుకు రబ్బరు పడవల్లో తీసుకెళ్తారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే బుకింగ్‌కి ముందే టూర్‌వాళ్లతో మాట్లాడండి.